సముద్రం పాటు మీదుంది

ముసురు పట్టి నాలుగు రోజులైంది. కోరంగి కాలువ మీద, సముద్రానికి ఎనిమిది కోసుల ఎగువనున్న ఆ లాకు దగ్గర ఆడవాళ్ళు ఎండుపుల్లల కోసం చూరు కింద దేవులాడుతున్నారు. కోతకొచ్చిన చేలు తలలు వాల్చేశాయి. రైతులు గట్ల మీద నిలబడి ఆకాశాన్ని నానా మాటలూ అంటున్నారు. అంత దిగుల్లోనూ లాకు గట్టెక్కి వచ్చి, "ఏం బాబాయ్, తగ్గేలా ఉందా?" అని ముసలయ్యను అడిగేవాళ్ళకు మాత్రం కొదవ లేదు.

అడిగినవాళ్ళదే బుద్ధి తక్కువ. ఇరవై ఏళ్ళ బట్టి ఆ లాకు తలుపులు తీసి మూస్తున్న లస్కరు ముసలయ్య, వాన తగ్గుతుందని గాని, గాలి నెమ్మదించిందని గాని ఏనాడూ ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. రోహిణికార్తెలో మాడు పగిలే ఎండలో అడిగినా సరే, ఒకసారి తూర్పుకేసి చూసి, "ఏమో నాయనా, చెప్పలేం" అనేవాడు. ముసలయ్యనడిగితే మూడు రోజులు ముసురని ఆ చుట్టుపక్కల ఒక సామెతే పుట్టింది.

పేరు ముసలయ్యే గాని మనిషి ముసలివాడు కాడు. ఏభై రెండేళ్ళు. తలుపు దూలానికి వీపు ఆనించి నెట్టాడంటే ఇద్దరి పెట్టు. కోరంగిలో పుట్టాడనీ, నలభై నాలుగేళ్ళ కిందటి ఉప్పెనలో ఇంటిల్లిపాదీ పోగా ఒక్కడే మిగిలాడనీ అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరికీ తెలియదు, పెళ్ళాం ఏసమ్మతో సహా. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే చాలు, లేచి వెళ్ళి తలుపుల ఇనప కీళ్ళకు ఆముదం రాసుకుంటూ కూర్చునేవాడు. ఆ లాకు తాగినంత ఆముదం జిల్లాలో ఇంకే లాకూ తాగి ఉండదు.

వయసులో ఉండగా రాజమండ్రిలో దొరల సంఘంలో కలిశాడు. లూథరన్లలోనే ఎందుకు చేరావయ్యా అని ఎవరో అడిగితే, "నెత్తి మీద నాలుగు చుక్కలు చిలకరించి ఊరుకుంటారు కదండీ" అని ఉన్న మాట చెప్పేశాడు. కాకినాడ వైపు బాప్టిస్టులైతే మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపుతారు. ఆ ముంచే సంఘంలోకే ఒక్కగానొక్క కూతురు సంపూర్ణమ్మను ఇవ్వాల్సి వచ్చింది. అదీ ఎక్కడికి? తాళ్ళరేవుకి. సముద్రం వాకిట్లోకి. పిల్లవాడు ఆశీర్వాదం బుద్ధిమంతుడు, ఓడలు కట్టే వడ్రంగి, బైబిలు తడుముకోకుండా చదువుతాడు, ఇంతకంటే మంచి సంబంధం ఎక్కణ్ణుంచి తెస్తావని ఏసమ్మ పట్టుబట్టింది. కాదనడానికి ముసలయ్య దగ్గర చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. పెళ్ళినాడు అతని మొహం చూసి పాస్టరుగారు దీవెన చదువుతూ రెండుసార్లు ఆగారు.

సంపూర్ణమ్మ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. ఆనవాయితీ ప్రకారం మూడో నెలలో తల్లినీ బిడ్డనూ అత్తారింటికి పంపాలి. తీసుకువెళ్ళడానికి అల్లుడు వచ్చాడు. "భాద్రపదం శూన్యమాసం, పంపకూడదు" అన్నాడు ముసలయ్య. "ఆదివారం తప్పకుండా గుడికెళ్ళేవాడివి, నీకు శూన్యమాసమేంటయ్యా?" అని ఏసమ్మ ముక్కున వేలేసుకుంది. మరుసటి నెల మళ్ళీ వచ్చాడు. నాలుగు సరి నెల అన్నాడు ముసలయ్య. మూడు, అయిదు అంటే బేసి నెలలు గాని నాలుగేంటని లెక్క చెప్పాడు. అల్లుడు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది, శూన్యమాసమూ కాదు. కానీ కార్తీకం. ముసలయ్యకు ఏడాదికంతటికీ ఎక్కువ భయమున్న నెల అదే.

మూడోసారి ఆశీర్వాదం, దొరబాబు అనే సరంగు పడవలో వచ్చాడు. ధవళేశ్వరం నుంచి ఓడపనికి టేకు దూలాలు వేసుకుని దిగువకు పోతున్న పడవ అది. లాకుకు ఎగువన కట్టేసి, గట్టెక్కి, మామగారి ముందు నిలబడి మెల్లగానే అన్నాడు.

"మామయ్యగారూ, మా అమ్మ ఒక మాటందండి. ఈసారి కూడా నేనొక్కణ్ణే తిరిగొస్తే, కోడల్ని ఇక అక్కడే ఉంచేసుకోమని చెప్పి రమ్మంది. మా అమ్మకి నేను ఎదురు చెప్పనండి. చెప్పాలని కూడా లేదు."

ముసలయ్య తూర్పుకేసి చూశాడు. సన్నగా వాన, ఈదురుగాలి, పొద్దెక్కడుందో తెలియని ఆకాశం. అప్పుడతని నోట్లోంచి అతను అనుకోని మాట ఒకటి వచ్చింది.

"ఓవర్సీరుగారి దగ్గర్నుంచి ఉత్తరువు వచ్చింది అల్లుడుగారూ. కింద గాలివానంట. మళ్ళీ కబురొచ్చేదాకా దిగువకు ఏ పడవనీ వదలొద్దన్నారు."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఆ ఆకాశం కింద అది అతికినట్టే ఉంది. పక్కనే ఉన్న రెండో లస్కరు లాజరు నోరు తెరిచాడు గాని, ముసలయ్య చూసిన చూపుకి మూసేశాడు. వెనకనే వచ్చిన రెండు ధాన్యం పడవలు కూడా గట్టుకు తాళ్ళు కట్టుకున్నాయి.

రెండు రోజులు గడిచాయి. ఆశీర్వాదం అత్తారింట్లో పడుకోలేదు. పడవలోనే, దూలాల మీద గోనె పరుచుకుని పడుకున్నాడు. ఏసమ్మ అన్నం పట్టుకెళ్ళి ఇస్తే తిన్నాడు. పసివాణ్ణి తీసుకెళితే ఎత్తుకుని ఆడించాడు. మామగారి వంక మాత్రం చూడలేదు. సంపూర్ణమ్మ నిప్పుల మీద గంప బోర్లించి, పసివాడి గుడ్డలు ఆరబెట్టి, మూట కట్టింది. మూట గుమ్మం పక్కనే పెట్టింది. ముసలయ్య ఇంట్లోకి వస్తూ పోతూ ఆ మూటను చూసి తల పక్కకు తిప్పుకునేవాడు.

మూడో రోజు తెల్లవారేసరికి వాన ఆగింది. గాలి బొత్తిగా పడిపోయింది. కాలువ నీళ్ళ మీద ఒక్క ముడత లేదు. ఆడవాళ్ళు తడి బట్టలు బయట వేశారు, రైతులు కొడవళ్ళు వెతుక్కున్నారు. అందరికీ ప్రాణం లేచొస్తే ముసలయ్యకు ప్రాణం పోయినట్టయింది. ఆకు కదలని ఆ నిశ్శబ్దంలో లాకు గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాడు.

అప్పుడు దిగువ నుంచి కొమ్ము ఊదుకుంటూ టపా పడవ వచ్చింది. సర్కారు పడవ, ఆపడానికి లేదు. తలుపులు తీశారు. టపా మనిషికి గొంతు పెద్దది. లాకులో నీళ్ళతోపాటు పైకి వస్తూనే అరిచాడు.

"ఏంటి బాబాయ్, ఎగువన పడవలన్నీ అలా కట్టేశారేంటి?"

"కింద గాలివానని లాకు మూయమన్నారంట కదా!" అన్నాడు దొరబాబు.

"ఎవరన్నారు? దిగువ లాకులన్నీ తెరిచే ఉన్నాయి. కాస్త ముసురు పట్టింది, అంతే. నిన్న తాళ్ళరేవులో ఓవర్సీరుగారు నాతో మాట్లాడారుగా, ఉత్తరువూ లేదు గిత్తరువూ లేదు."

పడవలవాళ్ళందరూ ముసలయ్య వంక చూశారు. ముసలయ్య దూలం మీద చెయ్యి తీయలేదు. ఆశీర్వాదం పడవలోంచి గట్టు మీదకు వచ్చాడు.

"పంపను అని ఒక్క మాట చెబితే పోయేదిగా మామయ్యా! మూడుసార్లు తిప్పి, ఇంతమందిలో నన్ను తలదించుకునేలా చేశారు. నేను ఇప్పుడే వెళ్ళిపోతున్నాను. వస్తే రమ్మనండి. లేకపోతే మీ అమ్మాయి మీ దగ్గరే ఉంటుంది, నా కొడుకూ మీ దగ్గరే ఉంటాడు. ఇంక నేను ఈ కాలువ ఎక్కను."

ముసలయ్య లాకు పక్కనున్న సామాన్ల పాకలోకి వెళ్ళి, ఆముదం కుండ పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి సంపూర్ణమ్మ వచ్చింది. చంకన పిల్లవాడు, రెండో చేతిలో మూట. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడింది.

"నిజమేనా నాన్నా?"

"నిజమే."

"నా కాపరం కంటే నీకు మబ్బులు ఎక్కువైపోయాయా? నేనేం పాపం చేశాను?"

ఆ మాటకు ముసలయ్య తలెత్తాడు. ఏళ్ళ తరబడి ఆముదం రాసి రాసి దాచిపెట్టుకున్నది ఇక దాగలేదు.

"పాపం నాదమ్మా. కూర్చో. ఒక్క క్షణం కూర్చో."

ఆమె కూర్చోలేదు. కానీ వెళ్ళిపోనూ లేదు.

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా నాన్న కోరంగిలో ఓడల దగ్గర రంపం లాగేవాడు. ఇదే నెల, పున్నమి వెళ్ళిన నాలుగైదు రోజులకి గాలి పట్టింది. రాత్రంతా ఒకటే ఉత్తరపు గాలి. ఇళ్ళు లేచిపోతుంటే, సగం కట్టిన పెద్ద ఓడ ఒకటి ఒడ్డున దిమ్మల మీద ఉంటే, దాని కింద దూరాం. మా అమ్మ, నాన్న, నా చెల్లెలు చిన్నమ్మాయి, ఇంకో ఇరవై మంది. తెల్లారేసరికి గాలి ఠక్కున ఆగిపోయింది. ఇదిగో, ఇలాగే." అని బయటకు చెయ్యి చూపించాడు. "నాన్న నన్ను, సముద్రం ఎలా ఉందో చూసి రారా అన్నాడు. పరిగెత్తాను. నీళ్ళు లేవు. కనుచూపు మేర బురద. చేపలు కొట్టుకుంటున్నాయి. నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ణి కదా! రోజూ చూసేదే కదా! నీళ్ళు వెనక్కి తీస్తే పాటు, ముందుకొస్తే పోటు. తిరిగొచ్చి, సముద్రం పాటు మీదుంది నాన్నా, పెద్ద పాటు, అన్నాను."

సంపూర్ణమ్మకు అర్థమైంది. తాళ్ళరేవులో ఏడాది కాపరం చేసిన పిల్ల. పాటంటే పూట దాకా నీళ్ళు రావని ఆ ఒడ్డున చంటిపిల్లలకి కూడా తెలుసు. సముద్రం ఎరగని పైనాటి మనిషి ఎవడైనా ఆ బురదను చూసుంటే జడుసుకుని పారిపోయేవాడు. తెలిసినవాళ్ళు కాబట్టే పారిపోలేదు.

"పాటు మీదుందంటే ఇంకేం భయం? అందరూ దిగారు. కొట్టుకుపోయిన సామాను ఏరుకుందామని మగవాళ్ళు, చేపలకని ఆడవాళ్ళు. మా చిన్నమ్మాయి అందరికంటే ముందు పరిగెత్తింది. నేను కాల్లో ముల్లు గుచ్చుకుందని చెప్పి ఉండిపోయాను."

"మంచిదేగా నాన్నా. ముల్లు నిన్ను కాపాడింది."

"ముల్లు లేదు." అన్నాడు ముసలయ్య. "అమ్మ ఓడలోపల, పైన ఒక మూట దాచింది. అందులో బెల్లం ఉంది. అందరూ వెళితే ఒక్కణ్ణే తినొచ్చని ఉండిపోయాను. నిచ్చెనేసుకుని ఎక్కాను. బెల్లం అచ్చులో సగం విరిచి నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు చప్పుడైంది. చెక్కల సందులోంచి చూశాను. దూరంగా చిన్నమ్మాయి, ఒక చేపని రెండు చేతులతో పైకెత్తి, ఓడ వైపు తిరిగి నాకు చూపిస్తోంది. దాని వెనకాల తాడిచెట్టంత నల్లగా లేచొస్తోంది. అరుద్దామనుకున్నాను. నోటినిండా బెల్లం. మింగుడు పడలేదు, ఉమ్మేయాలని తోచలేదు. అరవలేకపోయానమ్మా."

ఆ ఓడ ఇంకా పేరైనా పెట్టని ఓడ. దాన్ని ఉప్పెన ఎత్తుకుపోయి కోసు దూరంలో వరిచేలో పడేసింది. లోపలున్న పిల్లవాణ్ణి మూడో రోజున ఎవరో బయటకు తీశారు. ఎలా బతికావురా అని అందరూ అడిగారు. దేవుడి దయ అన్నారు. వాడు ఏమీ చెప్పలేదు. అప్పటినుంచీ ఇప్పటిదాకా చెప్పలేదు. తన మాట నమ్మి ఇరవై మంది దిగారనీ, తాను మాత్రం పైన కూర్చుని తింటున్నాడనీ ఎవరికి చెప్పుకుంటాడు? పాస్టరుగారి దగ్గర చాలా పాపాలు ఒప్పుకున్నాడు గాని ఈ ఒక్కటీ నాలుక దాటలేదు.

పిల్లవాడు సంపూర్ణమ్మ జుట్టు లాగుతున్నాడు, ఆమె విడిపించుకోలేదు. జాలిపడి ఏదో ఒకటి అంటుందని ముసలయ్య అనుకున్నాడు. ఆమె జాలి మాట అనలేదు.

"నోట్లో ఏమీ లేదనుకో నాన్నా. ఎంత దూరం వినపడేది?"

ముసలయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్ని రాత్రులు ఆ బెల్లం గొంతుకడ్డంపడి లేచి కూర్చున్నాడో లెక్కలేదు. ఈ మాట మాత్రం ఒక్కనాడూ అతనికి తట్టలేదు. బురదలో ఆ పిల్ల ఎంత దూరాన ఉందో ఇప్పుడు కొలిచి చూసుకున్నాడు. మనిషి బొమ్మంత కనపడింది. చెయ్యెత్తితే తెలిసేంత దూరం, అంతే.

"వినపడేది కాదు," అన్నాడు చివరికి. "అయినా అరవాల్సింది."

"అరవాల్సిందే," అంది సంపూర్ణమ్మ. "ఇప్పుడు నేను వెళ్ళాలి. ఆయన పడవ తాడు విప్పుతున్నారు. తలుపు నువ్వు తీస్తావా, లాజరు బాబాయిని తీయమనమంటావా?"

ముసలయ్య లేచాడు.

ఎగువ తలుపులు తీశారు. దొరబాబు గెడ వేసి పడవను రెండు గోడల మధ్యకు తెచ్చాడు. ఏసమ్మ గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. సంపూర్ణమ్మ దూలాల మీద కూర్చుంది. ఆశీర్వాదం పిల్లవాణ్ణి అందుకున్నాడు గాని పెళ్ళాంతో మాట్లాడలేదు, కోపం ఇంకా దిగలేదు. ఎగువ తలుపులు మూసి, దిగువ తూములు ఎత్తారు. నీళ్ళు దిగసాగాయి.

ఈ పని ముసలయ్య ఎన్ని వేలసార్లు చేశాడో! ఏనాడూ కిందికి చూసే పని లేకపోయింది. ఇవాళ చూశాడు. నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. పడవ దిగుతోంది. ముందు కూతురి మొహం అతని మోకాళ్ళ ఎత్తున ఉంది, తరవాత పాదాల ఎత్తుకు వచ్చింది, తరవాత ఆమె పాపిట మాత్రమే కనపడింది. తడి గోడల మధ్య వాళ్ళు కిందికి, ఇంకా కిందికి పోతున్నారు. తాను పైన, పొడిగా, భద్రంగా నిలబడి ఉన్నాడు.

"లాజరూ, దూలం పట్టుకో," అన్నాడు.

"ఎక్కడికన్నా?"

ముసలయ్య అప్పటికే గోడకున్న ఇనప మెట్ల మీద కాలు పెట్టాడు. నాచు పట్టిన మెట్లు. ఒకటి జారింది. గట్టు మీద నుంచి ఏసమ్మ గట్టిగా కేక వేసింది. "ఏమయ్యోయ్! ఓవర్సీరుగారు వస్తే ఏం చెప్పమంటావు?"

"ఉద్యోగం తీసేసుకోమను!" అన్నాడు దిగుతూనే.

పడవలో కాలు పెట్టేసరికి పడవ ఊగింది. ముసలయ్య రెండు చేతులతో అంచు పట్టుకుని కూలబడ్డాడు. ఆశీర్వాదం మొదటిసారి అతని వంక తిన్నగా చూశాడు.

"మీరెక్కడికి మామయ్యా?"

"మీ అమ్మగారి కాళ్ళు పట్టుకోవాలి కదా నాయనా. తప్పు నాది." ఆ తరవాత గొంతు తగ్గించి అన్నాడు. "ఈసారి మిమ్మల్ని పంపించి నేను ఒడ్డున కూర్చోలేను."

ఆ రెండో మాట అల్లుడికి అర్థం కాలేదు. అయినా జరిగి, దూలం మీద చోటిచ్చాడు. దిగువ తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. అవతల కాలువ తిన్నగా తూర్పుకి పోతోంది. దాని చివర ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది. ముసలయ్యకు అంచు మీద వేళ్ళు కొయ్యబారిపోయాయి.

"భయంగా ఉందా నాన్నా?" అంది సంపూర్ణమ్మ పక్కకు వచ్చి.

"ఉందమ్మా."

ఆమె పిల్లవాణ్ణి తీసుకుని ఒళ్ళో సర్దుకుంది. దొరబాబు గెడ వేశాడు. పడవ కదిలాక, మొగుడికి వినపడకుండా, తూర్పు వైపే చూస్తూ అంది.

"నాకూ ఉంది. ఆ ఊళ్ళో అడుగుపెట్టిన రోజు నుంచీ ఉంది. నీకు చెబుదామంటే నువ్వు ఎప్పుడూ ఆముదం కుండ పట్టుకుని లేచిపోయేవాడివి."